కబురు వచ్చేదాకా

తెనాలి హోటళ్ళలో ఆ గ్లైడర్ కథ ఇప్పటికీ మూడు రకాలుగా చెబుతారు. శత్రుదేశపు గూఢచారి ఎవడో అమృతలూరు చేలో దిగాడని ఒకటి. బాపట్ల క్లబ్బువాళ్ళు దొంగవిమానం తెప్పించి, పట్టుబడతామని పారిపోతుంటే కూలిందని ఇంకొకటి. రేపల్లె మనిషి ఒకాయన పొగరుకొద్దీ ఎవరి మాటా వినకుండా ఎగిరి లైసెన్సు పోగొట్టుకున్నాడని మూడోది. మూడింట్లోనూ నేను లేను. ఉండవలసినవాణ్ణి. మూడోదాంట్లో మరీనూ.

కొత్తగా విమానాల పనిలో చేరుతున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి నిబంధనల గురించి అడుగుతుంటారు. నిబంధనలు పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోవచ్చు. అవి ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి వెళ్ళేటప్పుడు ఏమవుతాయో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని గురించి రాస్తున్నాను. అలాగని నాకు అంతా తేటతెల్లంగా తెలుసుననుకోకండి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజు గుర్తొస్తే నాకు తల తిరుగుతుంది.

డెబ్బైల మొదట్లో నేను మద్రాసులో, విమానాలు ఎగరడానికి యోగ్యంగా ఉన్నాయో లేదో చూసే ఆఫీసులో చిన్న ఉద్యోగిని. మాది తెనాలి కాబట్టి, బాపట్లలో కొత్తగా ఒక గ్లైడింగ్ క్లబ్బు పెట్టారని తెలిసి, అక్కడి పని చూసి రమ్మని నన్ను పంపారు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. పాత లారీ ఇంజనుకు పెద్ద డ్రమ్ము బిగించి, దానికి తీగ చుట్టి లాగితే గాలిపటంలా పైకి లేస్తుంది. తీగ వదిలేశాక గద్దలు తిరిగే వేడిగాలి వెతుక్కుంటూ తిరగాలి. దొరికితే పైకి పోతుంది, లేకపోతే కిందికి వస్తుంది.

క్లబ్బంటే ముఖ్యంగా ఇద్దరు. ఒకరు సెక్రటరీ, తెనాలిలో పేరున్న ప్లీడరు గారు. గ్లైడర్ ఎప్పుడూ ఎక్కినవారు కాదు, ఎక్కే ఉద్దేశమూ లేదు. కానీ క్లబ్బు మాటెత్తితే కోర్టు వాయిదాలు కూడా మర్చిపోయేవారు. రెండోవారు ఎగరడం నేర్పే ఆయన. రేపల్లె దగ్గర సముద్రంలో వేటకు వెళ్ళే కుటుంబం. వాయుసేనలో కొన్నాళ్ళు పనిచేసి, గ్లైడర్ నడపడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని సొంత జిల్లాకు వచ్చేశారు. ఆయనకు వేరే వ్యాపకం లేదు, వేరే సంపాదన లేదు. ఆ లైసెన్సే ఆయన ఆస్తి. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను వేళాకోళంగా ఇన్‌స్పెక్టరు గారూ అనేవారు.

క్లబ్బుకున్న గ్లైడర్ ఒక పరదేశపు ఇంజనీరుది. కృష్ణా నది మీద ఏదో పనికి వచ్చి, తనతోపాటు దాన్ని ఓడలో తెచ్చుకున్నాడు. చెక్క, గుడ్డ, జిగురుతో చేసినది. తోక మీద వాళ్ళ దేశపు అక్షరాలు. ఆయన ఇక్కడున్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ఏ దేశంలో రిజిస్టరైన విమానానికి ఆ దేశమే యోగ్యతా పత్రం ఇస్తుంది. అది చెల్లుతున్నంత కాలం, మనవాళ్ళ అనుమతితో మన గాలిలోనూ ఎగరవచ్చు. ఆయన వెళ్ళిపోతూ గ్లైడర్‌ను క్లబ్బుకు ఇచ్చేశాడు. చిక్కంతా అక్కడ మొదలైంది. వాళ్ళ రిజిస్టర్లోంచి దాని పేరు కొట్టేయమని ఆయన తన దేశానికి రాశాడు. కొట్టేసిన క్షణాన వాళ్ళ పత్రం చచ్చిపోతుంది. మన రిజిస్టర్లో ఎక్కి, తనిఖీ అయి, తోక మీద మన దేశపు గుర్తైన వి.టి. అక్షరాలు రాస్తే గాని మన పత్రం పుట్టదు. ఆ మధ్యలో దాని సంగతేమిటి?

ఈ సందేహం నేను ప్లీడరు గారి ముందు పెట్టాను.

"ఇందులో ఏముందబ్బాయ్? అప్పగింతలు అయ్యాయి, గృహప్రవేశం కాలేదు. పిల్ల దారిలో ఉంది" అన్నారాయన.

"దారిలో ఉన్న పిల్లది ఏ ఇంటిపేరండి?"

"అది పురోహితుణ్ణి అడగాలి. నేను ప్లీడర్ని."

నిబంధన అర్థంలేనిదని మీరు అనుకోకూడదు. చలిదేశంలో కూర్చుని ఆ పత్రం ఇచ్చినవాళ్ళకు బాపట్ల ఉప్పుగాలి తెలియదు. ఆ తేమలో జిగురు పట్టు వదిలితే రెక్క గాలిలోనే ఊడుతుంది. అందుకే మళ్ళీ చూడాలంటారు. నేను చూశాను. రెక్కల పొడుగునా వేలి కణుపుతో తట్టాను, గుడ్డ విప్పి అతుకులు చూశాను. ఎక్కడా లోపం లేదు. వస్తువు యోగ్యంగానే ఉంది. యోగ్యత ఉందో లేదో మాత్రం తెలియదు. ఇది చదివి మీకు నవ్వు రావచ్చు. నా ఉద్యోగమంతా ఈ రెండు మాటల మధ్యనే గడిచింది.

అంతలో మంత్రి ఒకరు ఈ ప్రాంతానికి వస్తున్నారని తెలిసింది. బాపట్ల దగ్గర క్లబ్బు సర్కారు నుంచి కౌలుకు తీసుకున్న ఇసుక మైదానం గడువు అయిపోతోంది. దాన్ని సరుగుడు తోటలకు ఇవ్వాలని వేరేవాళ్ళు తిరుగుతున్నారు. మంత్రి కళ్ళముందు గ్లైడర్ ఒక్కసారి ఎగిరితే మైదానం మనకే ఉంటుందని ప్లీడరు గారి నమ్మకం. మైదానం పోతే క్లబ్బు లేదు, క్లబ్బు లేకపోతే రేపల్లె అన్నయ్యకు బతుకు లేదు. ఎగరవచ్చో లేదో తేల్చవలసినవాణ్ణి నేను.

ఆ ఉదయం బాపట్ల పోస్టాఫీసులో మద్రాసుకు ట్రంకు కాల్ బుక్ చేశాను. అక్కడ మా పై అధికారి నెల్లూరు మనిషి. ఆఫీసులో అందరితో ఇంగ్లీషు, నాతో తెలుగు. చాలాసేపటికి లైను దొరికింది. దొరికిందనే గాని, వాడరేవు అలల హోరంతా అందులోనే ఉంది.

"సార్, ఆ పరదేశపు గ్లైడర్ సంగతండి. వాళ్ళ రిజిస్టర్లో పేరు కొట్టేశారా లేదా అని..."

"ఏ గ్లైడరయ్యా?"

"బాపట్లదండి, బాపట్ల! ఇవాళ ఎగరాలంటున్నారు."

గరగరమని చప్పుడు. తర్వాత ఆయన గొంతు. "... ఇంకా ఏం తెలీదు. వాళ్ళ కబురు వచ్చేదాకా ఎగరనివ్వ..." గరగర "...ండి."

నా చెవిలో పడింది అంతే. ఆ గరగరలో ఒక 'క' ఉందా?

మన భాషలో ఉన్న చిత్రం చూడండి. ఎగరనివ్వండి, ఎగరనివ్వకండి. మధ్యలో ఒక్క అక్షరం. పోనీ, వాక్యం అర్థాన్నిబట్టి తెలుసుకుందామంటే రెండూ అర్థవంతంగానే ఉన్నాయి. పేరు కొట్టేసినట్టు కబురు వచ్చేదాకా పాత పత్రం బతికే ఉంటుంది కాబట్టి ఎగరనివ్వండి. ఏ సంగతీ తేలనిదే ప్రమాదం కాబట్టి, కబురు వచ్చేదాకా ఎగరనివ్వకండి. ఏ అధికారి అయినా ఏదైనా అనవచ్చు.

"ఎగరనివ్వండి అన్నారా సార్, ఎగరనివ్వకండి అన్నారా?" అని అరిచాను. పోస్టాఫీసులో స్టాంపులు కొనేవాళ్ళు కూడా నావైపు తిరిగారు.

"అదేనయ్యా నేను చెబుతోంది!" అన్నారాయన విసుగ్గా. లైను తెగిపోయింది.

మళ్ళీ కాల్ కోసం అడిగాను. మద్రాసు లైను సాయంత్రం దాకా దొరకదన్నారు.

అన్నయ్య బయట సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమన్నారు ఇన్‌స్పెక్టరు గారూ?"

"కబురు వచ్చేదాకా ఎగరనివ్వండి అన్నారు."

నా నోటి నుంచి ఆ మాట అలా వచ్చింది. ఎందుకలా వచ్చిందో ఆలోచించి ఆలోచించి వదిలేశాను. అలాగే వినపడిందేమో. అలా వినపడాలని కోరుకున్నానేమో. ఆయన ముఖం చూసి రెండో మాట నోరు దాటలేదేమో. మూడూ నిజమేనేమో.

"ఖాయమేనా?"

"అలాగే వినపడింది అన్నయ్యా."

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, సైకిలెక్కి మైదానం వైపు వెళ్ళిపోయారు.

అక్కడికి వెళ్ళేసరికి ఇంకో గందరగోళం. మంత్రి బాపట్లలో ఆగటం లేదట, నేరుగా తెనాలి సభకు వెళ్తున్నారట. ప్లీడరు గారు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "అయితే మనమే తెనాలి వెళ్దాం. సభ మీద ఒక్క చుట్టు కొట్టు నాయనా, చాలు" అన్నారు.

"ఒక్క చుట్టు కొట్టటానికి నాకేమన్నా ఇంజనుందాండి? గాలి ఎటు తీసుకెళ్తే అటు" అన్నారు అన్నయ్య నవ్వుతూ. అయినా ఎక్కి కూర్చున్నారు. ఆకాశం బాగుంది, గద్దలు ఎత్తున తిరుగుతున్నాయి. మైదానం దాటి వెళ్ళకూడదని నేను చెప్పవలసింది. నాకు వచ్చిన అనుమతే ఏమిటో తెలియనప్పుడు, దాని హద్దు ఎక్కడని చెప్పను? లారీ ఇంజను గర్జించింది, తీగ బిగిసింది, గ్లైడర్ లేచింది. తీగ వదిలాక మా నెత్తిన రెండు మూడు చుట్లు తిరిగి, గద్దల మధ్యలోంచి పైకి పోయి ఉత్తరంగా సాగింది. చూస్తుండగానే కంటికి ఆనకుండా పోయింది. అంత అందమైన దృశ్యం మంత్రిగారు చూడలేదు. ఆ వేళకు ఆయన తెనాలిలో షామియానా కింద ఉన్నారు.

ప్లీడరు గారి కారులో మేమూ తెనాలి బయల్దేరాం. పొన్నూరు దాటాక రోడ్డు పక్కన జనం చేతులు చాపి తూర్పు చూపించారు. "అటు దిగిందండి, అమృతలూరు వైపు! చప్పుడే లేదండి!"

మేము చేరేసరికి ఊరు ఊరంతా మినప చేలో ఉంది. గ్లైడర్ ఒక రెక్క నేలకు ఆనించి చేను చివర నిలబడి ఉంది. అన్నయ్యకు ఒక గీత కూడా పడలేదు. తెనాలి చేరకముందే వేడిగాలి పట్టు వదిలిందట, అందుబాటులో ఉన్న చేను చూసుకుని దిగారట. అప్పటికి తూర్పు సరిహద్దులో యుద్ధం ముగిసి కొన్ని వారాలే అయింది. తోక మీద పరాయి అక్షరాలున్న విమానం చప్పుడు లేకుండా ఆకాశంలోంచి దిగితే జనం ఏమనుకుంటారు? హెడ్‌కానిస్టేబులు ఒకాయన అప్పుడే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఏ దేశపు విమానం ఇది?"

"మన బాపట్లదే బాబాయ్" అన్నారు అన్నయ్య.

"బాపట్లదైతే ఆ రాతలేంటి?"

"పాత యజమానియ్యి."

"ఇంజనేది?"

"ఉండదండి దీనికి."

"ఉండదా, ఏ కాలవలోనన్నా పడేశావా?"

చేను గలామె ముందుకొచ్చింది. "ఇంజనుంటే ఏంటి, లేపోతే ఏంటండి? ముందు జనాన్ని బయటికి తోలండి! ఆయన తొక్కింది చారెడు, మీరంతా కలిసి తొక్కింది చేనంతా!"

ప్లీడరు గారు కల్పించుకుని, ఇది పరదేశం నుంచి వచ్చినా ఇప్పుడు మనదేననీ, కాగితాలు దారిలో ఉన్నాయనీ, అప్పగింతలు అయి గృహప్రవేశం కాని పిల్ల లాంటిదనీ చెప్పుకొచ్చారు. హెడ్‌కానిస్టేబులు శ్రద్ధగా విని, "అయితే ఇప్పుడు స్టేషనుకు ఎవర్ని పిలవమంటారండి? పుట్టింటోళ్ళనా, అత్తింటోళ్ళనా?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన నవ్వు నేను చూడలేదు.

వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను గ్లైడర్ వెనక్కి నడిచాను. మెత్తటి నేల మీద చక్రం గీత ఉంది. పక్క గట్టుకు సమాంతరంగా, దారం పట్టి గీసినట్టు. ఎక్కడా గెంతలేదు, పక్కకు ఒరగలేదు, రెక్క నేలను గీసిన జాడ లేదు. అంత చిన్న చేలో, గాలి చచ్చిపోయాక, ఇంజను లేని విమానాన్ని అంత నిదానంగా దింపడం నేను ఉద్యోగంలో అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పొద్దున్నుంచి నాకు ఏ సందేహమూ లేకుండా తెలిసింది ఇదొక్కటే.

విచారణకు మద్రాసు నుంచి వేరే అధికారి వచ్చారు. బాపట్ల బంగళాలో కూర్చున్నారు. అమృతలూరు వెళ్ళి చూడలేదు. చూసినా లాభం లేదు, అప్పటికి చేను కోసేశారు.

అన్నయ్యను అడిగితే సూటిగా చెప్పారు. "ఎగరనివ్వండి అన్నారని ఈయన చెప్పారు. ఎగిరాను."

తర్వాత నా వంతు.

"ఫోనులో మాట మీకు స్పష్టంగా వినపడిందా?"

"లేదండి."

"స్పష్టంగా లేదని ఆయనకు చెప్పారా?"

అలాగే వినపడింది అన్నాను కదా. అది హెచ్చరికా, హామీయా? నాకే తెలియదు. కానీ నా పిల్లలు అప్పుడు చిన్నవాళ్ళు, నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. "చెప్పానండి" అన్నాను. అన్నయ్య తల తిప్పి నన్ను చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"గ్లైడర్ అదుపు తప్పి పొలంలో పడిందంటున్నారు. మీరు చూశారా?"

పోలీసుల కాగితంలో పడింది అని ఉంది. దిగింది అంటే ఆ కాగితాన్ని కాదన్నట్టు. కాదంటే ఇంకా ప్రశ్నలు వస్తాయి, ఫోను దగ్గరికే మళ్ళీ వెళ్తాయి.

"పొలంలో ఉందండి" అన్నాను.

ఆయన పడింది అనే రాసుకున్నారు. చెల్లుబాటు తేలని విమానాన్ని నిర్లక్ష్యంగా ఎగరేసి అదుపు తప్పించినందుకు అన్నయ్య లైసెన్సు రద్దయింది. ఆ ఏడాదే మైదానంలో సరుగుడు మొక్కలు నాటారు. గ్లైడర్‌ను విప్పి ప్లీడరు గారి పాకలో పెట్టారు. ఆ పిల్ల పుట్టింటా చేరలేదు, అత్తింటా చేరలేదు.

చాలా ఏళ్ళ తర్వాత నెల్లూరులో ఒక పెళ్ళిలో మా పాత అధికారి కనపడ్డారు. భోజనాల దగ్గర పక్కనే కూర్చుని అడిగేశాను. "సార్, ఆ రోజు మీరు ఎగరనివ్వకండి అన్నారా, ఎగరనివ్వండి అన్నారా?"

ఆయన ముద్ద కలుపుతూ ఆలోచించారు. "ఎగరనివ్వండి అని నేనెందుకంటాను?" అన్నారు. ముద్ద మింగి, "ఏమో, అన్నానేమో కూడా. వాళ్ళ దేశంలో ఆ రోజుకి ఇంకా పేరు కొట్టేయలేదయ్యా. తర్వాత తెలిసింది" అన్నారు.

"అయితే ఆ రోజుకి పాత పత్రం చెల్లినట్టేనా?"

"చెల్లిందనీ అనొచ్చు. యజమాని మారాడు కాబట్టి చెల్లలేదనీ అనొచ్చు. ఇంతకీ నువ్వడిగింది బాపట్లదా? నేను బళ్ళారి క్లబ్బుదనుకున్నానే." చారు వడ్డించేవాడు వచ్చాడు. ఆ సంగతి అక్కడితో ఆగింది.

అక్కడి నుంచి తిన్నగా రేపల్లె వెళ్ళాను. ఇంక ఎవరిని అడిగినా నాకు తేలేది లేదని అర్థమైంది. తేలినదొక్కటి నా దగ్గర ఉండిపోయింది.

అన్నయ్య రైలుస్టేషను అవతల షెడ్డులో పడవల ఇంజన్లు బాగుచేస్తున్నారు. జుట్టు నెరిసింది. నన్ను చూసి చేతులు గుడ్డకు తుడుచుకుని, "రండి ఇన్‌స్పెక్టరు గారూ" అన్నారు, నిన్న మొన్న విడిపోయినట్టు. వెనకాలే ఇల్లు. వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

ఫోను సంగతంతా చెప్పాను. గరగర సంగతి, అక్షరం సంగతి, విచారణలో నేనన్న మాట, పెళ్ళిలో మా అధికారి అన్న మాట. ఆయన వింటూ వింటూ మధ్యలో చెయ్యెత్తారు.

"ఆ రోజు పోస్టాఫీసు బయట మీ మొహం చూశాను కదండి. మీకు తెలీదని నాకు తెలుసు. తెలిసే ఎక్కాను. మీరు వద్దంటే దిగేవాణ్ణి, మీరు అనలేదు. సగం మీది, సగం నాది. పంచుకున్నాంగా, ఇంకేంటి?"

"లైసెన్సు మాత్రం మీదొక్కరిదే పోయింది అన్నయ్యా. ఇప్పుడైనా పైకి రాస్తాను."

"రాస్తే ఏంటి? నా కళ్ళకి ఇప్పుడు ఇంజను బోల్టులే సరిగా ఆనట్లేదు. ఇంకేం ఎగురుతాను?" తర్వాత, ఇంతసేపూ దీనికోసమే ఆగినట్టు గొంతు తగ్గించి అడిగారు. "ఆ రోజు మీరు గీత వెంబడి నడిచారు. నేను చూశాను. కానిస్టేబులు వదల్లేదు, నాకు చూసుకునే వీలు కాలేదు. తర్వాత అందరూ పడింది, పడింది అంటుంటే, పడిందేమోనని నాకే అనుమానం పట్టుకుంది. ఎలా ఉందండి?"

"దారం పట్టి గీసినట్టుంది. ఎక్కడా గెంతలేదు."

"ఎదురు గట్టుకి ఎంతలో ఆగింది?"

"మంచం వేసుకుంటే పట్టేంత."

ఆయన గుమ్మం వైపు తిరిగి వాళ్ళావిణ్ణి పిలిచారు.

"విన్నావటే? మంచం పట్టేంతట. ఆఫీసరు గారు చెబుతున్నారు. నేను చెబితే ఎప్పుడన్నా నమ్మావా నువ్వు?"